చట్టసభకెక్కిన వృత్తము

“దానమిచ్చిన ఆవుకు పళ్లెంచినట్లు” అని తెలుగున ఒక సామెత కలదు. ఉచితముగా లభించినదానికి వంకలెన్నుట మర్యాద కాదని దాని భావము. ఇంటి వ్యవహారములలో ఈ మర్యాద చాలవరకు చెల్లును. కాని దానముగా వచ్చినది ఆవు కాక ఒక లెక్క అయినపుడు, పుచ్చుకొనువాడు ఒక గృహస్థు కాక ఒక రాష్ట్రమే అయినపుడు, పళ్లెంచక తీరునా? అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఇండియానా రాష్ట్రమున 1897వ సంవత్సరమున ఈ ప్రశ్న నిజముగనే తలయెత్తెను. ఆ రాష్ట్రపు చట్టసభ ఒక వృత్తమును దానము పట్టబోయి తుదిక్షణమున చేయి వెనుకకు తీసికొనెను. ఆ కథ వినోదకరమైనది. వినోదము మాటున యోచింపదగిన విషయమును కలదు.

ఇండియానా రాష్ట్రమునకు నైరుతిమూలన పోసీ మండలము కలదు. అందలి సాలిట్యూడ్ అను చిన్న ఊరిలో ఎడ్వర్డ్ జె. గుడ్విన్ అను వైద్యుడు నివసించుచుండెను. ఆ ఊరి పేరునకు ఏకాంతమని అర్థము. వృత్తమునకు సమానమైన వైశాల్యము గల చతురస్రమును నిర్మించుట ఎట్లను సమస్య రెండువేల ఏండ్లకు పైగా గణితజ్ఞులను వేధించుచు వచ్చినది. దాని రహస్యము 1888లో తనకు దైవికముగా బోధపడెనని ఆ వైద్యుడు విశ్వసించెను. విశ్వసించి ఊరకుండలేదు. 1889లో తన పద్ధతికి కాపీరైటు పొందెను. ఐరోపా దేశములు కొన్నింట కూడ హక్కులు సంపాదించితినని చెప్పుకొనెను. 1894లో అమెరికన్ మేథమెటికల్ మంత్లీ అను పత్రిక వెలువడ నారంభించినపుడు, తొలి సంపుటముననే తన పద్ధతిని అచ్చు వేయించుకొనెను. రచయిత కోరికపై ప్రకటింపబడినది అని సంపాదకులు అందు సూచించిరి. అనగా అందలి తప్పొప్పుల భారము తమది కాదని మర్యాదగా తప్పుకొనిరన్నమాట. ఆ చిన్న సూచన ముందు ముందు ఎవరి కంటను పడలేదు.

గుడ్విన్ ధనాశాపరుడని తలచుట న్యాయము కాదు. తన రాష్ట్రపు పిల్లలకు మేలు చేయవలెననియే ఆయన కోరిక. అందుకై ఒక ఒడంబడికను ప్రతిపాదించెను. ఈ క్రొత్త కొలతను ఇండియానా రాష్ట్రము తన పాఠ్యపుస్తకములలో ఒక్క కాసు చెల్లింపకుండ శాశ్వతముగా వాడుకొనవచ్చును. తక్కిన లోకమంతయు ఆయనకు రాయల్టీ చెల్లించుకొనవలెను. ఈ ఉచిత వినియోగమునకు నియమము ఒకటే: 1897వ సంవత్సరపు చట్టసభ ఈ పద్ధతిని సత్యమని అధికారికముగా ఆమోదింపవలెను. ఆ నియమము నెరవేరిననే దానము, లేనిచో లేదు.

1897 జనవరి 18వ తేదీన పోసీ మండల ప్రతినిధి టేలర్ ఐ. రికార్డ్ ఈ నియమములతోడి బిల్లును ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టెను. దాని సంఖ్య 246. క్రొత్త గణిత సత్యమొకదానిని ప్రవేశపెట్టు చట్టమని దాని శీర్షికయందే చెప్పబడినది. మూడు విభాగములు గల ఆ బిల్లులో వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని సూచించు ‘పై’ అను గ్రీకు అక్షరము ఎక్కడను కానరాదు. దాని విలువ ఇంతయని సూటిగా చెప్పుటయు లేదు. అందుచేతనే కాబోలు, చదివినవారికి అందేమున్నదో వెంటనే బోధపడలేదు.

ఆ బిల్లు చెప్పు లెక్కను ఒక ఉదాహరణముతో విప్పి చూడవచ్చును. వ్యాసము 10 అడుగులు గల వృత్తమొకటి కలదనుకొనుడు. బిల్లు ప్రకారము దాని చుట్టుకొలత 32 అడుగులు. అనగా పరిధి వ్యాసమునకు 3.2 రెట్లు. బడిపిల్లలు నేర్చుకొను 22/7 ప్రకారము చూచినను అది ముప్పదియొకటిన్నర అడుగులను దాటదు. ఆ వృత్తములో ఇమిడిన చతురస్రమునకు కర్ణము 10 అడుగులు. భుజము సరిగా 7 అడుగులని బిల్లు చెప్పుచున్నది. భుజముల వర్గములను కూడినచో 49, 49 కలిసి 98 అగును. కర్ణము యొక్క వర్గము 100. గ్రీకులు పైథాగొరసు పేరనుంచి, మన శుల్బసూత్రకారులు యజ్ఞవేదికల నిర్మాణమునకు వాడుకొన్న ప్రాచీన సిద్ధాంతము ఈ ఒక్క వాక్యముతో కూలిపోవలెను. ఇక వైశాల్యము మాట. చుట్టుకొలతలో నాల్గవ వంతును భుజముగా గల చతురస్రమునకును వృత్తమునకును వైశాల్యము సమానమని మొదటి విభాగము శాసించుచున్నది. ఆ లెక్కను పై వృత్తమునకు 64 చదరపు అడుగులు రావలెను. నిజమైన వైశాల్యము 78.54 చదరపు అడుగులు. నూటికి పదునెనిమిది పాళ్లకు పైగా నేల మాయమైనది!

ఈ వ్యత్యాసము కాగితముపై నిలిచిపోవునది కాదు. అయిదడుగుల వ్యాసము గల బండిచక్రమునకు ఇనుప పట్టా వేయవలసి వచ్చినదనుకొనుడు. దాని చుట్టుకొలత సుమారు 15 అడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. పట్టా చక్రముకంటె రవంత కురుచగా ఉండవలెను. కాల్చినపుడు అది సాగి చక్రమునకు ఎక్కును. నీళ్లు పోయగానే ముడుచుకొని కొయ్యను బిగించి పట్టును. బండిచక్రపు పనితనమంతయు ఈ బిగింపులోనే ఉన్నది. ఇండియానా బిల్లు ప్రకారము కొలిచినచో పట్టా సరిగా 16 అడుగులు రావలెను. మూడున్నర అంగుళముల వదులు గల పట్టా ఊరి పొలిమేర దాటకమునుపే ఊడిపడును.

ఇట్టి బిల్లుపై చట్టసభలో ఏమి జరిగెను? మొదట అది కాలువలు, చిత్తడినేలల వ్యవహారములు చూచు ఉపసంఘమునకు పోయెను. వారు తమ పని కాదని విద్యావిషయక ఉపసంఘమునకు పంపిరి. విద్యోపసంఘము ఆమోదింపదగునని సిఫారసు చేసెను. ఫిబ్రవరి 5వ తేదీన, నియమానుసారము జరుగవలసిన పఠనములను కుదించి, సభవారు ఓటు వేసిరి. అనుకూలముగా 67, వ్యతిరేకముగా ఒక్కటియు లేదు.

ఆనాడు ఆ భవనములోనికి సి. ఎ. వాల్డో అను గణితాచార్యుడు యాదృచ్ఛికముగా వచ్చెను. ఆయన పర్‌డ్యూ విశ్వవిద్యాలయమువాడు. ఇండియానా విజ్ఞాన పరిషత్తునకు రావలసిన నిధుల కొరకు చట్టసభకు వచ్చినవాడు. లోపల అడుగుపెట్టగనే గణితశాస్త్రముపై చర్చ చెవినిబడెను. ఒకప్పుడు ఉపాధ్యాయుడుగా ఉండిన సభ్యుడొకడు లేచి, విషయము చాల తేలికయనియు, బిల్లును ఆమోదించినచో గ్రంథకర్త తన ఆవిష్కరణమును తమ రాష్ట్రపు పుస్తకములకు ఉచితముగా ఇచ్చుననియు, తక్కినవారందరును సొమ్ము చెల్లింపవలసియుండుననియు వివరించుచుండెను. వాల్డో తరువాత 1916లో ఈ ముచ్చట వ్రాసియుంచెను. బిల్లు నెగ్గిన పిదప సభ్యుడొకడు దాని ప్రతిని చూపి, ఆ మేధావిని పరిచయము చేయుదునా అని ఆయననడిగెనట. ఇప్పటికే పరిచయమైన పిచ్చివారు తనకు చాలుదురని ఆచార్యుడు బదులు చెప్పెనట.

ఆ ఉపాధ్యాయ సభ్యుని ప్రసంగములోనే ఈ కథ కీలకమున్నది. ఆయన లెక్క చేయలేదు, బేరము చూచెను. మనకు ఉచితము, పొరుగువానికి ఖరీదు అనునది ఏ రాజకీయవేత్తకైనను ఇంపైన మాట. ఆ మాట చెవినిబడిన వెంటనే ఆ సరకు నిజమైనదా అను ప్రశ్న వెనుకబడిపోయినది. అది లోపాయకారి వ్యవహారము గాదు. లంచము పుచ్చుకొన్నవారు లేరు. కుట్ర పన్నినవారు లేరు. పిల్లల చదువునకు ఖర్చు తగ్గునని సదుద్దేశముతోనే వారు చేతులెత్తిరి. ఒక దారపుకండెను వ్యాసము పొడవునను, పిమ్మట చుట్టును పరచి చూచుటకు అరనిమిషము చాలును. ఆ అరనిమిషము ఎవరును వెచ్చింపలేదు.

అచ్చుపడిన మాటకు గల గౌరవము ఈ పొరపాటునకు మరింత తోడ్పడెను. కోణమును మూడు సమభాగములుగా విభజించుట, ఘనమును రెట్టింపు చేయుట, వృత్తమును చతురస్రము చేయుట అను మూడు సమస్యలకును గుడ్విన్ చూపిన పరిష్కారములను దేశపు ప్రముఖ గణితపత్రిక స్వీకరించినదని బిల్లు మూడవ విభాగము చాటుచున్నది. రచయిత కోరికపై అచ్చయిన రచన చట్టసభకు వచ్చునప్పటికి పండితుల ఆమోదముగా మారిపోయినది.

వాస్తవమునకు అప్పటికే ఆ మూడు తలుపులును మూయబడియుండెను. కోణత్రిభాజనమును, ఘనము రెట్టింపును స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి సాధించుట అసాధ్యమని 1837లో ఫ్రెంచి గణితజ్ఞుడు వాంట్‌జెల్ నిరూపించెను. పరిధివ్యాసముల నిష్పత్తి ఏ బీజగణిత సమీకరణమునకును లొంగదని 1882లో జర్మను గణితజ్ఞుడు లిండెమన్ నిరూపించుటతో వృత్తచతురస్రీకరణపు ఆశయు అంతరించెను. అంతకు నూరేండ్ల పూర్వమే, 1775లో, పారిసులోని విజ్ఞాన పరిషత్తు ఇట్టి పరిష్కారములను ఇకపై పరిశీలింపబోమని తీర్మానించుకొనెను. ఇండియానా సభ్యులకు ఈ సంగతులు తెలియకపోవుట తప్పు కాదు. తెలిసినవారిని అడుగకపోవుటయే తప్పు.

వాల్డో సెనేటు సభ్యులను కలిసికొని వారికి విషయము బోధపరచెను. ఇంతలో వార్తాపత్రికలు కూడ పరిహాసము ప్రారంభించెను. సెనేటులో బిల్లు మద్యపాన నిరోధ ఉపసంఘమునకు పోవుట మరియొక వింత. ఆ ఉపసంఘము కూడ అనుకూలముగనే సిఫారసు చేసినది! అయినను ఫిబ్రవరి 12వ తేదీన బిల్లు రెండవ పఠనమునకు రాగా సభ్యులు అరగంటసేపు దానిపై చమత్కారములాడిరి. నీటిని ఎగువకు ప్రవహింపుమని చట్టము చేసినట్లే ఇదియు ఉండునని హబ్బెల్ అను సభ్యుడు ఆక్షేపించెను. కడకు నిరవధికముగా వాయిదా వేసిరి. తప్పు అని తీర్పు చెప్పి తిరస్కరింపలేదు. ఇది చట్టము చేయదగిన విషయము కాదని మాత్రము తలచి పక్కనుంచిరి. ఆ వివేకము అంతమాత్రమైనను మేలే.

ఇక్కడ మరియొక ప్రశ్న మిగిలియున్నది. ఆ పద్ధతి నిజముగా సరియైనదే అయినచో, గుడ్విన్ ప్రపంచమునుండి రాయల్టీ వసూలు చేసికొనగలిగెడివాడా? దీనికి సమాధానమును ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము అంతకు పదునేడేండ్ల క్రితమే చెప్పియుండెను. సెల్డెన్ అను ఆయన జమాఖర్చులు వ్రాయుటకు ఒక క్రొత్త పద్ధతిని పుస్తకముగా ప్రకటించి కాపీరైటు పొందియుండెను. ఆయన మరణానంతరము ఆయన హక్కుదారులు బేకర్ అనువానిపై వ్యాజ్యము నడిపిరి. పుస్తకముపై హక్కు పుస్తకమునకే పరిమితమనియు, అందు బోధింపబడిన పద్ధతిని ఎవరైనను వాడుకొనవచ్చుననియు న్యాయమూర్తులు తేల్చిచెప్పిరి. గణితగ్రంథము వ్రాసినవాడు ఆ గ్రంథమందలి పద్ధతులను ఇంజనీరు వాడుకొనకుండ అడ్డుపడజాలడని ఉదాహరణము కూడ ఇచ్చిరి. కాబట్టి గుడ్విన్ తన వాక్యములకు మాత్రమే స్వామి, వృత్తమునకు కాడు. ఇండియానాకు ఆయన ఉచితముగా ఇవ్వజూపినది ఎవరికైనను ఉచితముగనే చెందవలసినది. లేని హక్కును త్యాగము చేయుటకు ఆయన సిద్ధపడెను. ఆ త్యాగమును చూచి చట్టసభ మురిసిపోయెను.

మన దేశపు చట్టములును ఈ మార్గముననే నడచుచున్నవి. 1970వ సంవత్సరపు పేటెంటు చట్టము మూడవ విభాగమున, పేటెంటునకు అర్హములు కాని అంశముల జాబితాలో నేడు గణిత పద్ధతియు చేరియున్నది. భావముపై కాపీరైటు ఉండదనియు, భావమును వ్యక్తపరచిన రూపముపైననే ఉండుననియు సుప్రీంకోర్టు 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యమున స్పష్టము చేసెను.

అయినను పద్ధతిని కనిపెట్టినవాడు శ్రమకు ప్రతిఫలము కోరరాదా అని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. భారతీయుడైన నరేంద్ర కర్మార్కర్ 1984లో బెల్ ప్రయోగశాలలో పనిచేయుచు, పరిమితమైన వనరులను అనేక కార్యములకు పంచి గరిష్ఠ ఫలితము పొందు లెక్కలకు ఒక మేలైన మార్గము కనుగొనెను. పలు ముఖములు గల ఘనరూపపు అంచుల వెంబడి నడచుటకు మారుగా దాని గర్భమునుండియే గమ్యము చేరుట అందలి కిటుకు. ఆయన యజమాని సంస్థకు అమెరికాలో 1988లో దానిపై పేటెంటు లభించెను. గణితమునకు పేటెంటు ఏమని పలువురు ఆక్షేపించిరి. ఆ వివాదమెట్లున్నను ఒక భేదము గమనింపదగినది. కర్మార్కర్ తన నిరూపణమును 1984లోనే లోకము ముందుంచెను. ఎవరైనను దానిని పరీక్షింపగలిగిరి. వినియోగపు నియమములు సత్యపరీక్ష తరువాత వచ్చినవి. గుడ్విన్ ఒడంబడికలో క్రమము తలక్రిందులైనది. ముందు ఆమోదము, పిదప వినియోగము. పరీక్షకు చోటే లేదు.

మన పూర్వులు ఈ వృత్తముతో ఎట్లు వ్యవహరించిరో ఈ సందర్భమున స్మరించుట ఉచితము. బోధాయన శుల్బసూత్రములు చతురస్రకర్ణమునకు చెప్పిన కొలత 577/408 అగును. అది నిజమైన విలువకు దశాంశబిందువు పిదప అయిదు స్థానములవరకు సరిపోవును. గుడ్విన్ చెప్పిన 10/7 రెండవ స్థానముననే తప్పినది. ఆర్యభటుడు క్రీ. శ. 499లో, 20000 వ్యాసమునకు 62832 పరిధి అని చెప్పెను. అది 3.1416. అంత సూక్ష్మమైన ఫలితమును సాధించియు, అది తుదిమాట అని ఆయన అనలేదు. ‘ఆసన్నము’ అని, అనగా సత్యమునకు సమీపమని, ఒక్క పదము చేర్చెను. ఆ ఒక్క పదమును వెయ్యేండ్ల పిదప కేరళదేశీయుడైన నీలకంఠ సోమయాజి వ్యాఖ్యానించుచు, వ్యాసమును శేషము లేకుండ కొలిచిన మానముతో పరిధిని కొలిచినచో శేషము మిగులకతప్పదని వివరించెను. తనకు తెలిసినదానికి హద్దు గీచి చూపుట శాస్త్రజ్ఞుని లక్షణము. గుడ్విన్ బిల్లులో లేనిది ఆ ‘ఆసన్నము’ అను పదమే.

తెలుగువారికిని ఈ సంప్రదాయమున పాలు కలదు. తొమ్మిదవ శతాబ్దపు మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు చేసెను. మహావీరుడు వృత్తమునకు స్థూలగణితము వేరుగను సూక్ష్మగణితము వేరుగను చెప్పెను. మోటు పనికి వ్యాసమునకు మూడు రెట్లు. మెలకువ కావలసినచోట పదింటి వర్గమూలము. రెండును ఖచ్చితములు కావు. అయినను దేనిని ఎక్కడ వాడవలెనో చెప్పి ఇచ్చిన కొలతలు అవి. వినియోగపు నియమములు అనదగినవి ఇట్టివి. ఎవరు వాడవలెను, ఎంత చెల్లింపవలెను అను మాట అందు లేదు. ఎంతవరకు నమ్మవలెను అను మాట కలదు.

చట్టము చేయదగిన కొలతలు లేకపోలేదు. అడుగు ఎంత పొడవుండవలెనో, సేరుకు ఎన్ని తులములో ప్రభుత్వము నిర్ణయింపవచ్చును. అవి మనుష్యులు కూడబలుకుకొని ఏర్పరచుకొన్న మానములు. మన దేశమున 1956వ సంవత్సరపు చట్టముతో మీటరు, కిలోగ్రాము వచ్చినవి. గజములు, సేర్లు పోయినవి. లోకమునకు నష్టమేమియు కలుగలేదు. పరిధివ్యాసముల నిష్పత్తి అట్టిది కాదు. గజములతో కొలిచినను మీటర్లతో కొలిచినను అది మారదు. ఈ రెండింటికి గల భేదమును మరచుటచేతనే అరువదియేడుగురు పెద్దమనుష్యులు నవ్వులపాలైరి.

గుడ్విన్ 1902లో మరణించెను. తన కానుకను లోకము అర్థము చేసికొనలేదను నమ్మకము ఆయనను కడవరకు వీడలేదు. ఆయనను చూచి నవ్వుట తేలిక. కాని భ్రమ ఒక వ్యక్తిలో ఉన్నంతకాలము అతనికి మాత్రమే బాధ. అది పాఠ్యపుస్తకములోనికి ఎక్కినపుడు ఒక తరమునకు బాధ. ఉచితముగా వచ్చు పద్ధతులు, పరికరములు, పాఠములు నేటికిని బడుల తలుపులు తట్టుచునే యున్నవి. వాటి వెంట వచ్చు నియమముల పత్రమును చదువుట అవసరమే. అంతకుముందు ఆ పద్ధతి నిజమగునా కాదా అని ఒకమారు కొలిచి చూచుకొనుట మరింత అవసరము.

ఆ బిల్లు సెనేటును దాటియున్నను ఒక సంగతి మాత్రము మారియుండదు. ఇండియానాలోని కమ్మరి ఏ చట్టపుస్తకమును విప్పడు. చక్రము చుట్టును కొలబద్దను దొర్లించి, వచ్చిన కొలతకు రవంత తగ్గించి, ఇనుమును తెగగొట్టియుండును.